ఎందుకు దిగావు

మా ఇంట్లో కారు తుడిచే పని నాది, నడిపే పని ఆయనది. నాలుగేళ్ళు పరాయి దేశంలో ఆరు వరుసల రోడ్ల మీద కారు నడిపి వచ్చినదాన్ని నేను. మా ఆయన కొండల్ కూడా నాకన్నా ముందు అదే దేశంలో ఆరేళ్ళు ఉండి వచ్చాడు గాని, క్యాంపు నుంచి పనికి, పని నుంచి క్యాంపుకు కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తిరిగిన మనిషి. ఇక్కడికి వచ్చాకే జగిత్యాలలో నెల రోజులు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. అయినా ధర్మపురికి పోవాలన్నా, కరీంనగర్ దవాఖానకు పోవాలన్నా స్టీరింగ్ ముందు ఆయనే. "పెండ్లాం నడుపుతుంటే పక్కన కూసుంటడా వీడు అని నలుగురు నవ్వరా?" అంటాడు. నలుగురూ నవ్వకుండా చూసే బాధ్యత నా నెత్తిన పడింది కాబట్టి, రోజూ పొద్దున్నే బకెట్టూ పాత లుంగీ గుడ్డా పట్టుకుని కారు తుడుస్తాను. మొదట వెనక కిటికీ అద్దాలు తుడుస్తాను. వాడకట్టు పిల్లలు ఆడుకుంటూ వాటి మీద అరచేతులు ఆనిస్తారు. ఆ చిన్న చిన్న చేతుల ముద్రలు పోయేదాకా నాకు ఊపిరి సరిగ్గా ఆడదు.

ఆ ఆదివారం కూడా వెనక అద్దాలే తుడుస్తున్నాను. అరుగు మీద మా ఆయన పాఠం నడుస్తోంది. వినేది మా ఆడబిడ్డ కూతురు సృజన. సిరిసిల్ల నుంచి వచ్చింది. దాని మొగుడు మరమగ్గాల మీద పనిచేస్తాడు, వారంలో మూడు రోజులు పని ఉంటే నాలుగు రోజులు ఉండదు. అందుకని ఇదే కష్టపడి డ్రైవింగ్ నేర్చుకుంది. మేము పోయొచ్చిన దేశంలోనే ఎవరో పెద్దింటి పిల్లలను బడికి తీసుకుపోయి తీసుకొచ్చే పని దొరికింది. గురువారం విమానం. పోయే ముందు మామ దగ్గర నాలుగు మాటలు విని పొమ్మని వాళ్ళమ్మ పంపింది. గల్ఫ్‌కు పోయేవాళ్ళంతా మా ఆయన దగ్గరికి వస్తారు. ఏ గల్లీలో మన బియ్యం దొరుకుతాయో, ఎవరితో ఎట్లా మాట్లాడాలో చెబుతాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతుంది.

"పోలీసోళ్ళు ఆపిండ్రనుకో, ఏం జెయ్యాలె?" అంటున్నాడు. "బండి పక్కకు వెట్టాలె. తాళం తీసి చేతుల వట్టుకోవాలె. దిగాలె. కాయితాలు తీసుకొని నువ్వే ఆయన దగ్గరికి పోవాలె. సలామలేకుం సార్ అనాలె. తల దించుకొని నిలబడాలె. అంతే."

"దిగాల్నా మామా? దిగొద్దని ఫోన్ల ఎవరో చెప్తుంటే చూసిన."

"ఫోన్లోడు పోయిండా ఆడికి, నేను పోయిన్నా? పెద్దమనిషి ఎండల నిలబడితే నువ్వు ఏసీల కూసుంటవా? గది పొగరు గాదా?"

గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త ఐలవ్వ తలెత్తి, "నిలబడ్డోళ్ళ ముంగట కూసునుడు మన ఇంట్ల లేదు బిడ్డా," అంది.

"తాళం మాత్రం ఇడవొద్దు," అన్నాడు ఆయన. నా వైపు చూసి నవ్వాడు. "మీ అత్త గట్లనే తాళం బండికి ఇడిసి దిగింది. కఫీల్ కారు పాయె, ఈమె నౌకరీ పాయె. నాలుగేండ్లు నడిపినా ఆడోళ్ళ తెలివి ఆడోళ్ళ తెలివే."

కఫీల్ అంటే అక్కడ మనల్ని పనిలో పెట్టుకున్న యజమాని. సృజన నా వైపు తిరిగి చూసింది. నేను గుడ్డ పిండుతూ నిలబడ్డాను. పిండాల్సినదానికన్నా ఎక్కువసేపే పిండాను.

మా ఇంట్లో ఆ సంగతి అంతవరకే ఉంటుంది. తాళం మరిచింది, కారు పోయింది. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు ఆయన చెప్పేదీ అంతే. కారు వెనక సీట్లో ఎవరున్నారో ఎవరూ అనరు. నేను వచ్చిన కొత్తలో ఒకసారి అనబోతే మా అత్త చేత్తో నా నోరు మూసింది. "ఆ పిల్ల ముచ్చట మన ఇంట్ల తియ్యకు, మంచిది గాదు" అంది. మూడేళ్ళుగా తీయలేదు. దాన్ని నాలోనే పెట్టుకుని వండుతున్నాను, వడ్డిస్తున్నాను, నాట్లకు పోతున్నాను. సృజనకు తాళం కథ ఒకటే తెలుసు. నేను నోరు తెరవకపోతే అది గురువారం విమానమెక్కి, ఏదో ఒక రోజు ఏదో ఒక రోడ్డు మీద, మామ చెప్పినట్టే తాళం చేతిలో పట్టుకుని మర్యాదగా కారు దిగుతుంది.

అది మూడేళ్ళ కిందటి మే నెల. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. దానాను బడి నుంచి ఇంటికి తెస్తున్నాను. దానా కఫీల్ చిన్న కూతురు. ఐదేళ్ళది. నన్ను నర్మద అనడం రాక నర్మా అనేది. ఖర్జూరాలు తిని గింజలు వెనక నుంచి నా భుజం మీదుగా అందించేది, నేను ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఒక చేత్తో అందుకునేదాన్ని. ఆ రోజు కూడా మూడు గింజలు ఇచ్చింది. ఇంతలో వెనక నుంచి ఒక తెల్లకారు హారన్ కొట్టింది. దాని ముందద్దం లోపల నీలం లైటు తిరుగుతోంది. చేయి ఊపి పక్కకు ఆపమన్నారు. ఆపాను. రోడ్డుకు ఇటూ ఇసుకే, అటూ ఇసుకే. ఆ కారులో ఉన్న ఇద్దరిలో ఒకడు దిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. యూనిఫాం లేదు. చొక్కాకు ఏదో బిళ్ళ తగిలించుకున్నాడు. "రుఖ్సా" అన్నాడు. లైసెన్సును అక్కడ అలా అంటారు. వాడు అన్నది ఆ ఒక్క మాటే.

నేను కారు దిగాను. ఇంజను ఆపలేదు. బయట నలభై ఆరు డిగ్రీలు. ఏసీ ఆగితే పిల్ల ఉడికిపోతుందని తాళం కారుకే ఉంచాను. మా ఇంట్లో ఆడోళ్ళ తెలివి అని నవ్వేది ఆ తాళాన్నే. కాయితాలు పట్టుకుని, తల దించుకుని ఆ మనిషి ముందు నిలబడ్డాను. వాడు ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. ఇంత తేలిగ్గా దిగుతుందని వాడు కూడా అనుకోలేదు. వాడి ముఖం మరిచిపోయాను గాని ఆ ఆశ్చర్యం మరిచిపోలేదు. తర్వాత నా చేతిలో ఉన్న ఫోన్ లాక్కుని నన్ను ఒక్క తోపు తోశాడు. లేచేసరికి నా సీట్లో ఉన్నాడు. వెనక కిటికీ అద్దానికి రెండు అరచేతులు ఆనుకుని ఉన్నాయి. నర్మా అంటున్న నోరు కనిపించింది, గొంతు వినిపించలేదు. సీటు బెల్టు నేనే పెట్టాను, అల్లరి చేసి ఊడదీసుకోకుండా గట్టిగా. రెండు కార్లూ పోయాయి. పరిగెత్తాను. ఎంత దూరం పరిగెత్తానో తెలియదు. ఒక లారీ అతను ఆపి నీళ్ళు తాగించి అసలు పోలీసులకు ఫోన్ చేశాడు.

నలభై నిమిషాలకు దానా దొరికింది. వాళ్ళకు కావలసింది కారు, పిల్ల కాదు. మూసి ఉన్న ఒక గోదాము పక్కన దించేసి పోయారు. గోడ నీడ కూడా లేని చోట, ఒక కాలికి బూటు లేకుండా. నాలుగు రోజులు దవాఖానలో ఉంది. బతికింది. మనిషి ప్రాణం నిలబడింది కదా అని నన్ను నేను ఓదార్చుకోబోయాను గాని, దానా వాళ్ళమ్మ, మా మేడం, నన్ను దవాఖానకు తీసుకుపోయినప్పుడు పిల్ల నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు. పిలవలేదు. తిరిగి పడుకుంది, అంతే. నాకు రోజూ కనబడేది వాడూ కాదు, ఆ తెల్లకారూ కాదు. ఆ చిన్న వీపు.

అందరూ నన్ను ఒకటే అడిగారు. మేడం గొంతు చించుకుని అడిగింది, "ఎందుకు దిగావు?" స్టేషన్లో ఒక ఆడ పోలీసు ఉండేది. మంచిది. తనకు వచ్చీరాని హిందీలో నిదానంగా అడిగింది. వాడు దిగమన్నాడా అంది. లేదన్నాను. తలుపు తీశాడా అంది. లేదన్నాను. కత్తి చూపించాడా అంది. లేదన్నాను. "మరి ఎందుకు దిగావమ్మా?" దానికి నా దగ్గర జవాబు ఉంది. అప్పుడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఆమె రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టి, ఇంకోసారి ఎవరైనా ఆపితే ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్పింది. చిన్నపిల్లకు ఎక్కం నేర్పినట్టు నాతో తిరిగి చెప్పించింది. నేను ఇక కారు నడపబోనని ఇద్దరికీ తెలుసు. అయినా చెప్పించింది.

దిగడం నాకు ఎవరో కొత్తగా నేర్పిన పని కాదు. మా బాపు దొర గడి ముందు నుంచి పోయినన్నాళ్ళు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయాడు. దొరలు పట్నం పోయి, గడి పాడుపడి, లోపల గబ్బిలాలు చేరాక కూడా దిగాడు. ఎవరున్నారని దిగుతున్నవ్ బాపూ అంటే, "కాళ్ళే దిగుతయి బిడ్డా" అన్నాడు. పెళ్ళయి వచ్చాక మా మామ వాకిట్లో దగ్గితే చాలు, జ్వరంతో పడుకున్నా మంచం దిగి నిలబడేదాన్ని. కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు ఇంటి మగవాళ్ళు వస్తే కుర్చీ దిగడం. మన దగ్గర పోలీసులు బండ్లు ఆపినా అంతే కదా, దిగి, కాయితాలు పట్టుకుని, జీపు పక్కన నిలబడ్డ ఎస్సై దగ్గరికి మనమే పోతాం. పోయినేడు ధర్మపురి దారిలో అట్లానే ఆపారు. నడిపేది మా ఆయన. ఆయన బెల్టు తీసుకునేలోపే నేను నా వైపు తలుపు తీసుకుని దిగి రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. హోంగార్డు నవ్వి, "నువ్వెందుకు దిగినవమ్మా?" అన్నాడు. నేను అక్కడే కూలబడ్డాను. ఎండ దెబ్బ అన్నాడు మా ఆయన. డిసెంబరు నెల అది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం పెడుతుంటే మా ఆయన, సృజన పెరట్లో చేతులు కడుక్కుంటున్నది చూసుకుని, గొంతు తగ్గించాడు. "పొల్ల ముంగట ఆ పిల్ల ముచ్చట తియ్యకు. బెదిరి పోనంటది. వీసా కరాబైతది. మా అక్క ముంగట నా ఇజ్జత్ పోతది."

"దిగుమని ఎందుకు చెప్తున్నవ్ దానికి?" అన్నాను.

"మర్యాద నేర్పిన. తప్పా?"

"తప్పే."

ఆయన నా వైపు చూడలేదు. కూర కలుపుకుంటూ, "నువ్వు తాళం ఇడిసినవ్ నర్మదా. తాళం ఇడవకపోతే ఏం కాకపోవు," అన్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలిచిన సార్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బతిమాలుతున్నాడని అప్పుడు నాకు అర్థం కాలేదు. కోపమే వచ్చింది. ఆ కోపాన్ని కూడా మళ్ళీ అన్నం వడ్డిస్తూనే మింగాను, సిగ్గులేకుండా.

సోమవారం పొద్దున ఆయన మక్కచేనుకు మందు కొట్టడానికి బండి మీద పోయాడు. మా అత్త పొయ్యి దగ్గర ఉంది. కారు తాళం మేకుకు వేలాడుతోంది. రోజూ దాని కింద నుంచే నీళ్ళ బిందె ఎత్తుకుపోతాను. ఆ రోజు బిందె దించి తాళం తీసుకున్నాను. "సృజనా, ఇటు రా. పక్కన కూసో" అన్నాను. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. సీటు ఆయన కాళ్ళకు తగ్గట్టు వెనక్కి ఉంది. ముందుకు జరుపుకున్నాను.

"మీ మామ చెప్పింది మరిచిపో," అన్నాను. "ఎవరన్న ఆపితే మొదలు తలుపులు లాక్ జెయ్యి. మంది ఉన్న కాడ, షాపులున్న కాడ ఆపు. చేతులు రెండు స్టీరింగ్ మీద, వాళ్ళకు కనవడాలె. గబుక్కున సంచిల చెయ్యి వెట్టకు, కాయితం తీస్తున్న అని చెప్పి తియ్యి."

"దిగొద్దా అత్తా?"

"దిగకు."

"కోపమొస్తే?"

"వస్తె రానియ్. కార్డు చూపియ్యమను. అసలు పోలీసైతే చూపిస్తడు. అనుమానమైతే, సార్ మీ వెనక టేషన్‌కు వస్త, పదుండ్రి అను. పోలీసులకు ఫోన్ కొట్టు. ఫోన్ మాత్రం ఎవని చేతికి ఇయ్యకు."

సృజన ఒక్కొక్కటీ తనలో తను చెప్పుకుంది. తర్వాత, "నీకు ఇవన్ని ఎరుకనే గదా అత్తా. మరి నువ్వెందుకు దిగినవ్?" అంది.

ఇంతమంది అడిగారు గాని ఇది అడిగినట్టు ఎవరూ అడగలేదు. దాని గొంతులో తప్పు పట్టడం లేదు. తెలుసుకోకపోతే తన ప్రాణం మీదికి వస్తుందన్నట్టు అడిగింది. వెనక సీట్లో పిల్ల ఉండిందని అప్పుడు చెప్పాను. మూడు గింజలు, గోదాము, బూటు, గోడ వైపు తిరిగిన వీపు, అన్నీ చెప్పాను. అది నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దానికీ నాలుగేళ్ళ కూతురు ఉంది.

అద్దం మీద టకటకమని చప్పుడైంది. చూస్తే మా ఆయన. మందు డబ్బా మరిచిపోయి మళ్ళీ వచ్చాడు. బండి స్టాండు కూడా సరిగా వేయలేదు. వేలి కణుపులతో అద్దం కొడుతున్నాడు.

"ఏందిది? తాళం ఎవరు తియ్యమన్నరు? దిగు."

నా చేయి తలుపు పిడి మీదికి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. ఒక కాలు కూడా కదిలింది.

"దిగుమంటున్ననా లేదా? నలుగురు చూస్తున్నరు. దిగు!"

పక్కన సృజన నా చేతినే చూస్తోంది. గురువారం తర్వాత అదీ ఇట్లాగే ఒంటరిగా కూర్చుని ఉంటుంది, అద్దం అవతల ఒక మగవాడు నిలబడి ఉంటాడు. నేనిప్పుడు దిగితే అది నా మాటలన్నీ మరిచిపోయి నేను దిగడమే గుర్తుపెట్టుకుంటుంది. చేయి వెనక్కి తీసుకున్నాను. లాక్ నొక్కాను. అద్దం రెండు వేళ్ళంత దించాను.

"సృజనా, ఎందుకు దిగినవ్ అన్నవ్ గదా," అన్నాను, ఆయనకు కూడా వినబడేటట్టు. "ఆ దొంగోడు నన్ను దిగుమనలే. లైసెన్సు అడిగిండు, అంతే. అద్దంల నుంచి ఇద్దామనే అనుకున్న. అప్పుడే మీ మామ ఇంటికాడి నుంచి ఫోన్ జేసిండు. రేషన్ కార్డు ఏడ వెట్టినవ్ అని. పోలీసోళ్ళు ఆపిండ్రు, ఏం జెయ్యాలె అని అడిగిన. ఇంక కూసునే ఉన్నవా, పెద్దమనిషి నిలబడితే కూసుంటవా, దిగు, అన్నడు. నన్ను కారు దించింది వాడు గాదు. మీ మామ."

ఆయన చేయి అద్దం మీదే ఉండిపోయింది. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన మా అత్త గుమ్మంలో ఆగిపోయింది. ఆయన అబద్ధమని అంటాడనుకున్నాను. అనలేదు. ముఖంలో రక్తం లేదు. మూడేళ్ళుగా తాళం తాళం అని ఎందుకంటున్నాడో, ఆ తాళాన్ని గల్ఫ్‌కు పోయేవాళ్ళందరికీ ఎందుకు చెబుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు అంతా గుర్తుంది.

"పోలీసంటివి," అన్నాడు చివరికి. "పోలీసంటివి గదా నువ్వు. నాకు భయమైంది. నేనేం జెయ్యాలె?"

"ఆ పోలీసమ్మ ఎన్నిసార్లు అడిగినా నీ పేరు చెప్పలే," అన్నాను. "నువ్వు మాత్రం వచ్చినోనికల్ల నా పేరు చెప్పినవ్."

ఆయన మీద జాలి కలిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆరేళ్ళు బస్సు కిటికీ పక్కన కూర్చుని కనబడిన ప్రతి పోలీసుకూ వణికిన మనిషి. ఆ వణుకునే మర్యాద అని పేరు పెట్టుకుని నాకు ఇచ్చాడు, ఇప్పుడు సృజనకు ఇస్తున్నాడు. జాలి కలిగినా లాక్ తీయలేదు.

"దిగు నర్మదా," అన్నాడు మళ్ళీ. ఈసారి మెల్లగా. "ఇంట్ల మాట్లాడుకుందాం."

"నిలబడు జర," అన్నాను. "పొల్లకు ఇంకా చెప్పేటిది ఉన్నది."

సృజన వైపు తిరిగి మొదటి నుంచి మళ్ళీ చెప్పాను, చేతులెక్కడ పెట్టాలో, అద్దం ఎంత దించాలో, ఏ మాట ముందు అడగాలో. అది ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పింది. ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. నేను దిగలేదు.